ఎనుక అర్ర మేడం

కొత్త కళ్లద్దాలు పెట్టుకున్న మొదటి పొద్దున చాయ గ్లాసులో పోయబోయి టేబులు మీద పోశాను. గ్లాసు ఉన్నచోటే ఉంది. కెటిల్ నా చేతిలోనే ఉంది. రెండింటి మధ్య దూరం మాత్రం నిన్నటిది కాదు. పైన ఒక పవరు, కింద ఒక పవరు ఉన్న అద్దాలివి. తల వంచితే నేల లేచి వస్తుంది, తల ఎత్తితే దిగిపోతుంది. అద్దాల దుకాణం అబ్బాయి ముందే చెప్పాడు: "వారం దినాలు జర పరేషాన్ ఉంటది సార్. ఆ తర్వాత అలవాటైతది."

మా మనుమరాలు గుడ్డ తెచ్చి టేబులు తుడుస్తూ, "తాతా, మేడం లెక్క పొయ్యి. ముక్కు ఆనించి పొయ్యి," అన్నది.

కెటిల్ ముక్కును గ్లాసు అంచుకు ఆనించి పోశాను. ఒక్క చుక్క బయట పడలేదు. ఇద్దరం నవ్వుకున్నాం. మేడం ఉంటే ఆ దుకాణం అబ్బాయిని కూర్చోబెట్టి దిద్దేది. "అలవాటు కాదు బాబూ, చదువు. ఎనుక అర్రల కొత్త పాఠం నడుస్తుంది. జర టైమియ్యి," అనేది.

ఆ సంగతి డైరీలో రాస్తూ "మేడం" అని రాశాను. చాలా కాలానికి ఆ మాట నా డైరీలోకి వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ రాస్తున్నాను. వాన పడిందా, బస్సు టైముకు వచ్చిందా, ఆఫీసుకు ఎవరొచ్చారు, ఇంట్లో ఏం కూర, అంతే. మా కాలేజీలో చాలామంది లేడీ లెక్చరర్లు పనిచేశారు. వాళ్లందరికీ నా డైరీల్లో పేర్లున్నాయి. పేరు లేకుండా ఉత్త "మేడం" అని ఉన్నచోటల్లా ఈమే. ఇక్కడా అట్లాగే ఉండనిస్తాను.

కరీంనగర్‌లో మా జూనియర్ కాలేజీలో ఆమె జువాలజీ చెప్పేది. నేను ఆఫీసు సూపరింటెండెంటును. ఆమెది భైంసా. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుతూ పెరిగిన మనిషి. మామూలుగా మాట్లాడితే తెలుగే. ఆశ్చర్యం వేస్తే మాత్రం మరాఠీ బయటికి వచ్చేది. "అగ బాయీ!" అని ల్యాబులో అంటే ఆఫీసులో నా పెన్ను ఆగేది.

పొడుగు మనిషి. గంజి పెట్టిన నూలు చీర, భుజానికి పిన్ను. ఒక పాత మోపెడ్ నడిపేది. దాన్ని ఆపే పద్ధతి ఆమెకే చెల్లింది. మెల్లగా తెచ్చి ముందు చక్రాన్ని గోడకు తాకించేది. సైకిల్ స్టాండు గోడ మీద ఆమె చక్రం తాకినచోట నల్లటి మచ్చ పడిపోయింది. వేసవి సెలవుల్లో గోడకు సున్నం వేయించినా జూలైకల్లా ఆ మచ్చ మళ్లీ వచ్చేది.

"బ్రేకులు లేవా మేడం?" అని ఒకసారి అడిగాను.

"ఉన్నయన్నా. కని ఎక్కడ ఆగాల్నో గోడనే చెప్తది నాకు."

నన్ను అన్నా అనేది. ఆ లెక్కన మా ఇంటామె ఆమెకు వదిన. మేడం ఇంటికి వస్తే మా ఇంటామె, "ఆడిబిడ్డ వచ్చింది, మర్యాద తక్కువైతే మాట పడాలె," అంటూ లోపలికి పోయేది.

ఏ వస్తువైనా విసిరితే మేడం పట్టుకునేది కాదు. ల్యాబు తాళాలు అటెండర్ దూరం నుంచి విసరబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. "ఇసిరెయ్యకు నాయనా. పేరంటానికొచ్చిన దాన్ని. వాయినం లెక్క తెచ్చి చేతిల పెట్టు," అనేది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర ఆగి, వాగులో లోతు చూసినట్టు పాదం కొనతో నేలను తాకి అప్పుడు దిగేది. ఇవన్నీ ఆమె పద్ధతులనుకున్నాను. ప్రతి మనిషికీ పద్ధతులుంటాయి. నాకు లేవా? పెన్ను జేబులో ఎడమ పక్కన లేకపోతే నాకు ఆ రోజు పని సాగదు.

కాలేజీలో అందరికీ తెలిసిన ఆమె పద్ధతి ఇంకొకటి ఉంది. ఎవరైనా మంచి జవాబు చెబితే భుజం తట్టేది కాదు, తల వెనక తట్టేది. మెడకు పైన, పిలక ఉండే చోటుకు కాస్త కింద. "శాబాష్! గీడున్నది అసలు కత. కన్ను దర్వాజ మాత్రమే. చూసేటోళ్లు ఎనుక అర్రల కూసుంటరు." మా దిక్కు అర్ర అంటే గది; అందుకని పిల్లలు ఆమెకు "ఎనుక అర్ర మేడం" అని పేరు పెట్టారు. ఆ పేరు విని కోపగించుకుంటుందనుకుంటే, బ్లాక్‌బోర్డు మీద తల బొమ్మ వేసి వెనక భాగంలో తన సంతకం పెట్టిందట.

నా డైరీ అంటే ఆమెకు పరిహాసం. "అన్నీ కాయితానికే పెడ్తున్నరన్నా. మీ ఎనుక అర్ర ఉపాసం ఉంటుంది," అనేది.

స్టాఫ్ మీటింగులో నా పక్కన కూర్చునేది. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు హాజరు గురించి చాలాసేపటి నుంచి మాట్లాడుతున్నారు. మేడం నా వైపు వంగి మెల్లగా, "అన్నా, సారు తలకాయ మాయం చెయ్యాల్నా?" అన్నది.

"ఏంది మేడం?"

"ఎడమ కన్ను మూయున్రి. కుడి కన్నుతోని గోడ గడియారమే చూడున్రి. సారు తల గడియారానికి కుడి పక్క ఉన్నది గదా? చూపు అటు పోవద్దు. ఇగ కుర్చీ జర ఎనుకకు జరుపున్రి. ఇంకా జర."

ఆమె కూడా ఎడమ కన్ను మూసి చూపించింది. ఎవరికి చూపించినా ఎడమ కన్నే మూసేది. నేను చెప్పినట్టే చేశాను. ఒకచోటికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారి తల లేదు. మెడ ఉంది, టై ఉంది, మాటలు వస్తున్నాయి. తల ఉండాల్సిన చోట గోడ రంగు ఉంది. నాకు దగ్గు లాంటి నవ్వు వచ్చింది.

"ఏమైంది సూపరింటెండెంట్ గారూ?" అన్నది ఆ తల లేని మెడ.

"ఏం లేదు సార్. గొంతుల గరగర."

మీటింగు అయ్యాక మేడం అసలు పాఠం చెప్పింది. ప్రతి కంట్లో ఒకచోట చూపు ఉండదట. కంటి నుంచి నరాలన్నీ కట్టగా బయటికి పోయే దారి అది. "తలకాయ పోయిన కాడ గోడ రంగు ఎవలు పూసిన్రు అన్నా? ఎనుక అర్రోళ్లు. వాళ్లకు ఖబర్ రాని కాడ పక్కన ఏమున్నదో చూసి అదే పూసేస్తరు. మనం చూసినమనుకుంటం. సగం చూస్తం, సగం వాళ్లు అల్లింది నమ్ముతం."

ఈ సంగతి ప్రిన్సిపాల్ గారి దాకా పోయింది. ఆయన నన్ను పిలిపించాడు. నేను భయపడుతూ పోతే తలుపు దగ్గరగా వేసి, "వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ ఉంది. పెద్దసారు తలకు కూడా పనిచేస్తుందా?" అని అడిగాడు.

ఆమె క్లాసు ఒకటి నేను కళ్లారా చూశాను. సర్క్యులర్ మీద సంతకం కోసం పోయాను. గుమ్మంలోనే ఆగిపోవాల్సి వచ్చింది. గదంతా దారాలు.

మా కాలేజీలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు చాలామంది. ఇండ్లలో మరమగ్గాలు నడుస్తాయి. మేడం అడిగితే వాళ్లు తెగిన నూలు, రంగు దారాలు సంచుల్లో తెచ్చారు. ముందు బెంచీల్లో ఎడమ వరుస ఎడమ కన్ను, కుడి వరుస కుడి కన్ను. చివరి బెంచీ ఎనుక అర్ర.

"ఇన్నొద్దులకు మాకు ఇజ్జత్ ఇచ్చిన్రు మేడం," అన్నాడు చివరి బెంచీ వాడొకడు.

మేడం చేతిలో బూజు కర్ర ఉంది. చివరి బెంచీలో ఒక్కొక్కడికి ఒక్కో వాలు పంచింది. "నువ్వు నిలువు కర్రకే లెవ్వాలె. నువ్వు అడ్డం కర్రకే. నువ్వు గీ ఏటవాలుకు. తక్కినదానికి మీ తాత వచ్చి లేపినా లెవ్వద్దు." ఆమె కర్రను గడియారం ముల్లులా తిప్పుతుంటే చివరి బెంచీలో ఒకడి తర్వాత ఒకడు లేచి కూర్చుంటున్నారు.

"కర్ర అంటే ఏందో వీళ్లల్ల ఒక్కనికి ఎరుక లేదు. ఒక్కొక్కనికి ఒక్క వాలే ఎరుక. అందరు కలిస్తేనే కర్ర. చూపంటే గిదే," అన్నది.

ఆ తర్వాత దారాల ఆట. ముందు వరుసల్లోని ప్రతి పిల్లవాడి చేతి నుంచీ ఒక దారం చివరి బెంచీ దాకా పోయింది. నియమం ఒక్కటే. దారం లాగితే చివరి బెంచీ వాడు లేచి దాన్ని గట్టిగా పట్టుకోవాలి. చాలాసేపు లాగని దారాన్ని వదిలేసి, లాగేవాళ్ల దారం ఇంకోటి అందుకోవాలి. కుడి వరుసను కదలకుండా కూర్చోమని, ఎడమ వరుసను లాగమన్నది. కాసేపయ్యాక ఎడమ వరుసను ఆపి కుడి వరుసను లాగమన్నది.

"లాగుతున్నం మేడం. ఎవలు లేస్తలేరు!" అన్నాడు కుడి వరుసలో ఒకడు.

"దారం తెగిందా?"

"తెగలే."

"లాగే చెయ్యి ఖరాబైందా?"

"కాలే మేడం."

"మరి?"

చివరి బెంచీ వాడు తన రెండు పిడికిళ్లూ ఎత్తి చూపించాడు. "మా చేతులు ఖాళీ లెవ్వు మేడం. అన్నిట్ల ఎడమోళ్ల దారాలే ఉన్నయి."

మేడం వెళ్లి వాడి తల వెనక తట్టింది. "బరోబర్. కన్ను మంచిదే. పట్టుకునేటోళ్లు లేరు."

అప్పుడే వరండాలో నుంచి ప్రిన్సిపాల్ గారు వచ్చారు. "ఏం నడుస్తుంది ఇక్కడ?"

"మెదడు నడుస్తుంది సార్. జర చూసి అడుగెయ్యున్రి, మీ కాలి కింద కుడి కన్నున్నది," అన్నది మేడం.

ఆ ఏడే మా మనుమరాలిని ఒకటో తరగతిలో వేశాం. మా అల్లుడు మస్కట్‌లో పనిచేసేవాడు. మా అమ్మాయి హుజూరాబాద్‌లో టీచరు. పొద్దున బస్సుకు పోతే సాయంత్రానికి గానీ రాదు. పాప మా దగ్గరే ఉండేది. బడికి కంటి పరీక్షల వాళ్లు వచ్చి, ఎడమ కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమంటే పాప, "ఏ అక్షరాలు?" అని అడిగిందట. కుడి కన్నుకు పెద్ద అక్షరం తప్ప ఏమీ కనిపించడం లేదు. అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పరుగెత్తేది, బొమ్మలు గీసేది, ఇంట్లో పోయిన సూది కూడా వెతికి ఇచ్చేది. అన్నీ ఎడమ కన్నుతోనే.

కంటి డాక్టరు మా అమ్మాయికీ నాకూ ఓపికగా చెప్పాడు. కుడి కన్నుకు పుట్టుక నుంచీ ఎక్కువ పవరు ఉండడం వల్ల మసక బొమ్మే పోయింది. మెదడు ఆ కన్నును పట్టించుకోవడం మానేసింది. కళ్లద్దాలు పెట్టాలి, రోజూ కొన్ని గంటలు మంచి కన్నుకు పట్టీ అంటించి, ఈ కన్నుతో పని చేయించాలి. "ఈ వయసులో బాగా నేర్చుకుంటుంది. ఏడెనిమిదేళ్లు దాటితే చాలా కష్టం. దీన్ని లేజీ ఐ అంటాం," అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే మా ఇంటామె ఆ ఆఖరి మాట ఒక్కటే పట్టుకున్నది. "బద్ధకపు కన్నా? నా మనుమరాలికా? గీ ఇంట్ల బద్ధకం ఒక్కలకే ఉన్నది. ఆయన కన్ను చూడుమను డాక్టరును."

మొదటి రెండు రోజులు మా అమ్మాయి సెలవు పెట్టి తనే పట్టీ అంటించింది. పాప గడప తట్టుకుని పడ్డది, ఏడ్చింది. మూడో రోజు నుంచి పని అమ్మమ్మ చేతికి వచ్చింది. బడి మధ్యాహ్నానికే అయిపోయేది. పాప రాగానే పట్టీ వేసి, మేం ఇల్లు చేరేలోపల తీసేసేది. ఆదివారాలు కూడా మా మధ్యాహ్నపు నిద్రలోనే ఆ పని అయిపోయేది. ఒక్క రోజు తప్పలేదు. పాప ఏడుపు కూడా మానేసింది. అలవాటైందని సంతోషించాం.

మూడు నెలల తర్వాత పోతే డాక్టరు అక్షరాల పలక ముందు పాపను నిలబెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. కన్ను ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంది. "పట్టీ సరిగ్గా వేస్తున్నారా?"

"ఒక్క దినం తప్పలే సార్," అన్నది మా అమ్మాయి. అది నిజం.

"ఇంకోసారి చూద్దాం. కానీ కాలం మన కోసం ఆగదు," అన్నాడు.

ఆటోలో మా అమ్మాయి పాపను ఒడిలో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. పాప అద్దాల్లోంచి దుకాణాల బోర్డులు గట్టిగా చదువుతూనే ఉంది. ఇంట్లో మా ఇంటామె వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టేస్తానని మొక్కుకున్నది.

మర్నాడు ఆఫీసులో మేడంతో చెప్పాను. ఆమె పరిహాసం ఆడలేదు. "ఏ కన్ను?" అని అడిగింది. "పాపకు ఎన్నేండ్లు?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "పర్మిషన్ పెట్టున్రి. ఇప్పుడే పోదాం," అన్నది.

అట్లా పట్టపగలు ఆమె మోపెడ్ వెనక కూర్చుని నేను కరీంనగర్ బజారులో నుంచి ఇంటికి పోయాను. నా సర్వీసులో అంతమంది నాకు నమస్తే పెట్టిన రోజు ఇంకొకటి లేదు. మోపెడ్ మా కాంపౌండు గోడకు తాకి ఆగింది.

పాప ముందు గదిలో చాప మీద ఉంది. కంటికి పట్టీ ఉంది. ఎదురు గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. పాప కూర్చున్నచోటి నుంచే అంకెల కింద ఉండే చిన్న అక్షరాలు కూడబలుక్కుంటోంది. "తది... య. చవి... తి. పంచ... మి."

"చూసినవా మేడం, పట్టీ ఉన్నా ఎంత మంచిగ చదువుతదో నా బిడ్డ!" అన్నది మా ఇంటామె వంటింట్లోంచి వస్తూ.

"అగ బాయీ!" అన్నది మేడం. గుమ్మంలోనే నిలబడిపోయింది. "వదినా, గా పట్టీ ఏ కన్నుకున్నది?"

"ఏ కన్నుకేంది? ఖరాబు కన్నుకే. బెణికిన కాలికి కట్టు కడ్తమా, మంచి కాలికి కడ్తమా? వీళ్లు మొదటి రెండొద్దులు మంచి కన్ను మూస్తే పిల్ల గడప తట్టుకొని పడ్డది. నేను సరిచేసిన."

నేను అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుండిపోయాను. నోరు తెరవబోతే మేడం నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

"చెప్పలేదేంది మరి?" అన్నాను చివరికి, ఉండబట్టలేక.

"నేను దాచిన్నా? ఎవలన్న అడిగిన్రా?" అన్నది మా ఇంటామె.

"ముందుగాల చాయ పెట్టు వదినా," అన్నది మేడం.

చాయ వచ్చింది. మేడం కెటిల్ ముక్కును గ్లాసు అంచుకు ఆనించి పోసుకుంది. మా ఇంటామె ఎప్పటిలాగే నవ్వింది. "నీ పోసుడు చూస్తే నవ్వొస్తది మేడం. పసిపోరికి పాలు తాపినట్టు."

"ఎందుకట్ల పోస్తనో ఎన్నడు అడగకపోతివి?"

"ఎందుకు?"

"నీ చెయ్యి ఇటు తే. నా కుడి కన్ను మూయి. గట్టిగ."

మా ఇంటామె అరచేయి పెట్టి మూసింది. మేడం ఎడమ కన్ను తెరిచి ఆమెనే చూస్తోంది.

"ఇప్పుడు నీ ముఖం నాకు లేదు వదినా. పసుపుపచ్చ చీర ఉన్నది. చీర మీద ఒక మబ్బు ఉన్నది. నవ్వుతున్నవో కోపం చేస్తున్నవో తెలుస్తలేదు."

"అయ్యో! కన్ను పోయిందా?"

"కన్ను సాఫ్. ఎంతోమంది డాక్టర్లు చూసిన్రు, అద్దం లెక్క ఉన్నదన్నరు. చిన్నప్పుడు దీనికీ పవరే ఉండె. భైంసాల మా ఇంట్ల ఎవలకు తెల్వలే. డిగ్రీల ఒకనాడు మైక్రోస్కోపుకు గీ కన్ను ఆనించిన. పక్క పిల్ల 'ఎంత మంచిగ కనిపిస్తుందే' అంటుంది, నాకేమో పొగ. కన్ను చిన్నప్పటి నుంచి ఖబర్ పంపుతనే ఉన్నది. ఎనుక అర్రల తీసుకునేటోళ్లు లేకుండె. జాగంతా కుడి కన్నే ఆక్రమించింది. రెండు కండ్లు జతగూడితేనే ఏది దగ్గర, ఏది దూరం బరోబర్ తెలుస్తది. నాకు గ్లాసు ఎంత దూరమున్నదో కెటిల్ ముక్కు చెప్పాలె. గోడ ఎంత దూరమున్నదో బండి చక్రం చెప్పాలె."

గోడ మీది నల్ల మచ్చ, చివరి మెట్టు మీది పాదం, వెనక్కి పోయే చేతులు, ఎప్పుడూ మూసే ఎడమ కన్ను. అన్నేళ్లూ నేను పద్ధతులనుకున్నవన్నీ ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి.

మా ఇంటామె మేడం కంటి మీది నుంచి చెయ్యి తీయలేదు. అట్లాగే అన్నది: "అంటే గా మంచి కన్ను, మన గల్లీ నల్లా కాడి పెద్దనోటామె అసోంటిదన్నట్టు. తన బిందెలన్ని నిండినా పక్కకు జరగది. చాతగానోళ్లు ఉత్త బిందె పట్టుకొని పోవుడే."

"బరోబర్ వదినా! గా పెద్దనోటామెను రోజు జరసేపు ఇంట్ల కూసోబెట్టుడే పట్టీ."

"గీ ముక్క ముందుగాల చెప్తే అయిపోవు గదా," అని మా ఇంటామె నా వైపు చూసింది. డాక్టరు వైపు చూడాల్సిన చూపు అది; ఆయన అక్కడ లేడు. తర్వాత పాప దగ్గరికి పోయి, కుడి కంటి పట్టీ తీసి, కొత్తది ఎడమ కంటికి అంటించింది. పాపకు క్యాలెండర్ మాయమైంది. గొల్లుమన్నది.

"ఏడువు బిడ్డా. ఏడ్చుకుంటనే చూడు," అన్నది అమ్మమ్మ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బడి నడిచింది. మేడం తన క్లాసులో వాడిన దారాల సంచి తెచ్చి ఇచ్చింది. పాప వాటిని రంగురంగులుగా విడదీయాలి, పూసలు గుచ్చాలి. బియ్యంలో రాళ్లు ఏరే పని పూర్తిగా ఆ కుడి కంటిదే. అమ్మమ్మ పక్కన ఇన్విజిలేటరులా కూర్చునేది. పట్టీ సందులోంచి దొంగచూపు చూస్తే ఊరుకునేది కాదు. "పెద్దనోటామె వస్తుందే, బిందె పక్కకు పెట్టు!" అని అరిచేది. మొదట్లో మేం తిన్న అన్నంలో రాళ్లు పళ్లకు తగిలేవి. ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. పోనుపోను రాళ్లు తగలడం తగ్గింది. పాపకన్నా ముందు మా పళ్లకే ఆ కబురు తెలిసింది.

మళ్లీ పోయినప్పుడు పాప పలక మీద ఒక వరుస కిందికి దిగింది. ఆ పై సారి ఇంకా కిందికి. డాక్టరు సంతోషించాడు. "ఇప్పుడు సరిగ్గా వేస్తున్నట్టున్నారు," అన్నాడు.

"అప్పుడు గూడ సరిగ్గనే వేసినం సార్," అన్నది మా ఇంటామె. "కన్నే వేరే."

మేడం రిటైరై భైంసా పోయింది. అప్పుడప్పుడు ఫోను చేసేది. ఒకసారి, "పని లేదు గదన్నా, నేను గూడ పట్టీ వేసుకుంటున్న," అన్నది.

"ఈ వయసులోనా మేడం?"

"ముసలోళ్ల ఎనుక అర్రకు గూడ పూర్తిగ తాళం పడదని ఇప్పుడు చెప్తున్నరు. పైన ఏదన్న అటక ఖాళీ ఉన్నదేమో చూద్దామని. మంచి కన్ను మూసి మరాఠీ సీరియల్ పెడ్త."

"ఎంతదాకా వచ్చింది?"

"మీసం దాకా వచ్చింది. మొన్నటిదాకా హీరో ఎవలో, గోడ ఏదో తెల్వకపోయేది. ఇప్పుడు మీసం ఉన్నోడు లేనోడు తెలుస్తున్నరు," అని గట్టిగా నవ్వింది. చివరిసారి మాట్లాడినప్పుడు విలన్ ఎవరో కూడా తెలుస్తోందన్నది. కిందటి చలికాలం ఆమె అక్కడే పోయింది.

పాప పట్టీ పూర్తిగా మానేయవచ్చని డాక్టరు చెప్పిన రోజు మేడం ఇంకా కరీంనగర్‌లోనే ఉంది. కబురు చెబితే సాయంత్రం వచ్చింది. మోపెడ్ గోడకు తాకింది. లోపలికి వచ్చి, డాక్టరు కాగితం చూపించబోతే వద్దన్నది. "గా పరీక్ష నాకొద్దు. నా పరీక్ష వేరే ఉన్నది. వదినా, ఒక చెంబు, ఒక గ్లాసు."

"చాయనా?"

"చాయ కాలుతది. నీళ్లు చాలు."

మేడం చాప మీద కూర్చుని గ్లాసు తన ముందు పెట్టుకుంది. పాప చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడ్డది.

"పొయ్యి బిడ్డా. చెంబు గ్లాసుకు తాకొద్దు. పైనుంచి పోయాలె."

పాప మా వైపు ఒకసారి చూసి చెంబు వంచింది. నీళ్లు సన్నటి ధారగా, తెగకుండా, నేరుగా గ్లాసు మధ్యలో పడ్డాయి. పోస్తూ పోస్తూ చెంబును ఇంకాస్త పైకి ఎత్తింది. చాప తడవలేదు.

మేడం వంగి గ్లాసు చుట్టూ చాపను చేత్తో తడిమి చూసింది. తర్వాత గ్లాసు ఎత్తి గటగటా తాగి మళ్లీ కింద పెట్టింది. "మళ్ల పొయ్యి."

పాప పోసింది. మేడం ఆ ధారనే చూస్తోంది. తాగింది. "మళ్ల."

"పొట్ట పగుల్తది మేడం!" అన్నది మా ఇంటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఉండు వదినా. నన్ను జర మంచిగ చూడనీ." గ్లాసు కింద పెట్టింది. "ఇంకా పైకెల్లి పొయ్యి బిడ్డా."

ఆ రోజు డైరీలో వాన పడలేదని రాశాను, కూర బీరకాయ అని రాశాను, మేడం వచ్చిందని రాశాను. ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిందో మాత్రం లెక్కపెట్టలేదు.